గట్టుమీది పరదేశి



తొలకరి పడ్డాక పల్నాటి దారుల్లో జిల్లేడు పొదలమీద నారింజరంగు సీతాకోకచిలుకలను, తంగేడు చుట్టూ లేతపసుపు సీతాకోకచిలుకలను మీరు చూసే ఉంటారు. సీతాకోకచిలుకల్లో వలస వెళ్ళేవీ ఉన్నాయి. దక్షిణ భారతంలో నల్లరెక్కలపై నీలిచారలున్న జాతులు నైరుతి ఋతుపవనాల వేళ పడమటి కనుమల నుండి తూర్పు మైదానాలవైపు గుంపులుగా వస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తిరిగి వెళతాయి.

వాటి గొంగళిపురుగులు పత్తిని, మిరపను ముట్టవు. జిల్లేడు కుటుంబపు మొక్కలూ తీగలే వాటి ఆహారం. పసుపు సీతాకోకచిలుకలకు తంగేడు, రేల ఆకులు కావాలి. మనం పనికిరావని కొట్టివేసేవి ఇవే. గట్టుమీద కూడా కలుపుమందు చల్లితే వాటికి మిగిలేదేమిటి? అమెరికా మొక్కజొన్న, సోయా పొలాల్లో ఇలాగే జిల్లేడు జాతి మొక్కలు పోయి, మెక్సికో దాకా వలస వెళ్ళే మోనార్క్ సీతాకోకచిలుకలు బాగా తగ్గిపోయాయి.

అయితే, అప్పుల్లో మునిగిన రైతును సీతాకోకచిలుకను కాపాడమని అడగడం న్యాయమా?

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు రైతులు ప్రాణాలే తీసుకున్నారు. ఎడాపెడా కొట్టిన మందులు పురుగుతోపాటు దాన్ని తినే మిత్రకీటకాలనూ చంపాయి. కాబట్టి మందు తగ్గితే రైతుకూ మేలే. కానీ లాభం ఒక్కటే కారణమైతే, లాభం లేదన్ననాడు ఆ మొక్కలను మళ్ళీ పీకివేస్తాం.

లేవీయకాండం 19వ అధ్యాయం పొలం అంచుల దాకా కోయవద్దని, అక్కడి పంటను పేదలకు, పరదేశికి విడిచిపెట్టమని ఆజ్ఞాపిస్తుంది. ఆ పరదేశివల్ల నీకేమి లాభమని అది అడగలేదు. అలాగని పొలమంతా ఇమ్మనీ అనలేదు; అడిగింది అంచు మాత్రమే. ఆజ్ఞ మనుషుల కోసమే అయినా, మన గట్టుమీద నాలుగు రోజులు ఆగిపోయే ఈ చిన్న పరదేశికీ ఆ దయ చెల్లదా?

ఆ భారం కౌలురైతు ఒక్కడిమీదే వేయరాదు. పట్నంలో ఉండి కౌలు తీసుకునే ఆసామి ఆ అంచుమేరకు కౌలు తగ్గించవచ్చు. పొలం లేని మనం గుడి ఆవరణలో, బడి ప్రహరీ పక్కన తంగేడునూ జిల్లేడునూ బ్రతకనివ్వవచ్చు. ఇతరుల గట్టు గురించి మాట్లాడేముందు మన వాకిలి చూసుకుందాం.