ఫైలు మార్చే ముందు పద్దు రాసుకో, తల్లీ

తల్లీ,

నువ్వు ఆడవాళ్ళ రక్తహీనత మీద పరిశోధన మొదలుపెట్టావని మీ నాన్న చెప్పినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ఫైళ్ళు నీకు స్టాటా రూపంలో అందాయి. మీ గైడుగారు ఎస్‌పీఎస్‌ఎస్ తప్ప ఇంకోటి ముట్టరు. నీతో పనిచేసే అమ్మాయి ఆర్‌లో చేస్తుంది. "సీఎస్‌వీ చేసి, ఎక్సెల్‌లో సర్ది, అందరికీ పంచేస్తే సరిపోదా పెదనాన్నా?" అన్నావు మొన్న ఫోనులో. సరిపోదమ్మా. ఎందుకో తీరిగ్గా చెబుతాను, కాస్త ఓపికపట్టి చదువు.

ఆ సర్వేలో ఇంటి సభ్యుల ఫైలు ఒక్కటే 28 లక్షల వరుసలు దాటుతుంది. ఎక్సెల్ షీటులో పట్టేవి 10,48,576. అందులో తెరిచి సేవ్ చేశావంటే మిగతా మనుషులందరూ నీ కాపీలోంచి మాయమైపోతారు. స్త్రీల ఫైలులో 7,24,115 వరుసలు కాబట్టి అది ఇముడుతుంది. నాకు దానితోనే ఎక్కువ భయం, ఎందుకంటే పైకి అంతా బాగానే కనిపిస్తుంది. కోడ్‌ల ముందున్న సున్నాలను ఎక్సెల్ మామూలుగా ఎగరగొడుతుంది. 007 కాస్తా 7 అయ్యాక ఆ ఇంటిని ఇంకో ఫైలులోని అదే ఇంటితో ఎలా కలుపుతావు?

అందుకే కమాండ్ లైన్ నేర్చుకో. నల్లటి తెర చూసి జంకకు. ఇవాన్ మిల్లర్ అనే ఆయన రాసిన రీడ్‌స్టాట్ అని ఒక ఉచిత పనిముట్టు ఉంది. ఆర్‌లో మీ వాళ్ళు వాడే హేవెన్ ప్యాకేజీ లోపల పనిచేసేది కూడా అదే. వాడటం కష్టమేమీ కాదు: రీడ్‌స్టాట్ అని కొట్టు, పక్కన నీ దగ్గరున్న ఫైలు పేరు, దాని పక్కన నీకు కావలసిన ఫైలు పేరు. చివర డాట్ ఎస్‌ఏవీ అని పెడితే ఎస్‌పీఎస్‌ఎస్ ఫైలు వస్తుంది, డాట్ డీటీఏ అంటే స్టాటా ఫైలు. రెండో పేరు ఇవ్వకుండా ఒక్క ఫైలు పేరే ఇస్తే ఏమీ మార్చకుండా అందులో వరుసలెన్ని, కాలమ్‌లెన్ని, ఏ వెర్షనో చెప్పి ఊరుకుంటుంది. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే, నువ్వు ప్రత్యేకంగా చెబితే తప్ప దాన్ని తుడిచి రాయదు. ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ ఫైళ్ళనుంచి బయల్దేరేటప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్ గ్నూ పీఎస్‌పీపీతో పాటు వచ్చే పీఎస్‌పీపీ-కన్వర్ట్ కూడా మంచిదే.

మౌస్‌తో నొక్కుకుంటూ పోతే ఆర్నెల్ల తర్వాత ఏం నొక్కావో నీకే గుర్తుండదు. కమాండ్‌ను ఒక చిన్న స్క్రిప్టు ఫైలులో పెట్టుకుంటే, రేపు థీసిస్ పరీక్షకులు "ఈ ఫైలు ఎలా వచ్చింది?" అన్నప్పుడు ఆ ఒక్క లైనే జవాబు చెబుతుంది. కొత్త విడత డేటా వచ్చినప్పుడు అదే లైను మళ్ళీ పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. డేటా ఫైలులో అంకెలు సగం, వాటి అర్థాలు సగం. సీఎస్‌వీకి మారిస్తే సాధారణంగా అంకెలు మాత్రమే వస్తాయి, వాటి అర్థాలు చెప్పే లేబుల్స్ రావు. ఐదో విడతలో రాష్ట్రం కాలమ్‌లో 28 అంటే ఆంధ్రప్రదేశ్, 36 అంటే తెలంగాణ. నాలుగో విడతలో ఆంధ్రప్రదేశ్‌కి వేసిన అంకె 2. లేబుల్స్ లేని రెండు సీఎస్‌వీలను ఒకదాని కింద ఒకటి అంటించి 28తో వడపోశావనుకో, ఏ రాష్ట్రపు స్త్రీల గురించి మాట్లాడుతున్నావో నీకే తెలియకుండా పోతుంది. కాబట్టి లేబుల్స్ మోసుకెళ్ళే రూపంలోకే మార్చు. సీఎస్‌వీ తప్పనిసరైతే అర్థాల పట్టికను వేరే ఫైలుగా తీసి పక్కనే పెట్టు.

దీనికంటే ప్రమాదమైనవి లేని జవాబులు. హిమోగ్లోబిన్ కాలమ్‌లో 112 అంటే డెసిలీటరుకి 11.2 గ్రాములని, దశాంశ బిందువు అందులో ఉండదు, నువ్వే పెట్టుకోవాలి. 994 అంటే ఆమె రక్తపరీక్ష సమయానికి ఇంట్లో లేదని, 995 అంటే రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదని. నువ్వు లేబుల్ చూడకుండా "120, అంతకు మించి ఉంటే రక్తహీనత లేదు" అని రాస్తే, రక్తం ఇవ్వని ఆ స్త్రీలందరూ నీ పట్టికలో ఆరోగ్యవంతులైపోతారు. పోనీ ఆ కోడ్‌లను ఖాళీ చేస్తే గండం తప్పుతుందా అంటే, స్టాటాలో తప్పదు. అక్కడ ఖాళీకి పెట్టే చుక్క ఏ అంకె కన్నా పెద్దదిగా లెక్క. ఖాళీలను తీసేయమని నువ్వు విడిగా చెప్పకపోతే వాళ్ళు మళ్ళీ ఆరోగ్యవంతుల్లోకే చేరతారు. ఖాళీల విషయంలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పద్ధతి: స్టాటాలో మామూలు చుక్కతో కలిపి 27 రకాల ఖాళీలున్నాయి, ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఒక కాలమ్‌కి విడి విడి కోడ్‌లు మూడుకి మించి ప్రకటించలేవు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళేటప్పుడు "ఒప్పుకోలేదు", "ఇంట్లో లేదు" రెండూ కలిసిపోయి ఉత్త ఖాళీగా మిగలవచ్చు. పీఎస్‌పీపీ-కన్వర్ట్ సీఎస్‌వీ రాసేటప్పుడు ఈ కోడ్‌లను ఉన్నవున్నట్టే ఉంచుతుంది, రీకోడ్ అనే ఆప్షన్ ఇస్తేనే ఖాళీ చేస్తుంది. ఏది కావాలో నువ్వు నిర్ణయించు, సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకు.

తేదీలూ అంతే. సర్వే ఐదో విడత మొదలైన 2019 జూన్ 17ను స్టాటా 21,717 అని దాచుకుంటుంది, 1960 జనవరి 1 నుంచి రోజుల లెక్క అది. ఎస్‌పీఎస్‌ఎస్ అదే రోజును 1582 అక్టోబరు 14 నుంచి సెకన్లలో లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ 1,378 కోట్లు దాటిన అంకె కనిపిస్తుంది. ఈ సర్వే ఫైళ్ళలోనేమో 1900 నుంచి నెలల లెక్క కూడా ఉంటుంది; 2019 జూన్ అంటే 1434. ఏ అంకె ఏ లెక్కదో మార్చకముందే రాసిపెట్టుకో.

నువ్వు ఊళ్ళలో సొంతంగా అడిగి రాసుకునే జవాబులు తెలుగులో ఉంటాయి కదా, వాటి గురించీ ఒక మాట. యూనికోడ్‌లో యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. "రాజు" అనే చిన్న పేరే 12 బైట్లు. ఎనిమిది బైట్ల కాలమ్ పెడితే పేరు మధ్యలో తెగిపోతుంది. స్టాటాకి యూనికోడ్ వచ్చిందే 14వ వెర్షన్‌తో, కాబట్టి పాత రూపంలోకి మార్చి పంపకు. మన భాషలో మనవాళ్ళు చెప్పిన మాట చెత్త గుర్తులుగా మారిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

హైదరాబాదులో క్లినికల్ ట్రయల్స్ కంపెనీల్లో శాస్ మీద పనిచేసే మీ స్నేహితులు ఎవరైనా ఫైలు ఇస్తే, దాని కేటలాగ్ ఫైలు కూడా అడిగి తీసుకో. శాస్‌లో కోడ్‌ల అర్థాలు డేటాతో కలిసి ఉండవు, వేరే ఫైలులో ఉంటాయి. వాళ్ళకి నువ్వు ఫైలు ఇవ్వాల్సి వస్తే ఎక్స్‌పీటీ రూపం మేలు. దాని నిర్మాణం అందరికీ తెలిసేలా ప్రచురించారు, శాస్ సొంత ఫార్మాట్‌ది అలా ప్రచురించలేదు. కాకపోతే ఎక్స్‌పీటీ ఐదో వెర్షన్‌లో కాలమ్ పేరు ఎనిమిది అక్షరాలు మించకూడదు. పొడుగు పేర్లు ముందే నువ్వు కుదించుకో.

ఇంకో మాట గట్టిగానే చెబుతున్నాను: "ఫైలు అప్‌లోడ్ చేయండి, క్షణంలో మార్చి ఇస్తాం" అనే సైట్ల జోలికి పోవద్దు. ఈ డేటా నీకు నమ్మకంతో ఇచ్చారు, ఇతరులకు ఇవ్వనని నువ్వు ఒప్పుకున్నావు. ఊరి ఆచూకీ దొరక్కూడదని సర్వేవాళ్ళు మ్యాపు బిందువులను పట్నాల్లో 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో చాలావరకు 5 కిలోమీటర్ల దాకా కావాలనే జరిపి ఇస్తారు. అంత జాగ్రత్తపడ్డ డేటాను ఎవరి సర్వర్‌లోనో పడేయకూడదు. నీ కంప్యూటర్‌లోనే మార్చుకో. అసలు ఫైలును చదవడానికి మాత్రమే వీలయ్యేలా తాళం వేసి వేరే ఫోల్డర్‌లో ఉంచు.

ఇస్త్రీకి బట్టలు వేసేటప్పుడు మీ నాయనమ్మ పద్దు రాసి, తిరిగొచ్చాక టిక్కులు పెట్టుకునేది, చూశావుగా. నువ్వూ అలాగే మార్చకముందు ఒక కాగితం మీద రాసుకో: మొత్తం వరుసలు, కాలమ్‌లు, ముఖ్యమైన కాలమ్‌లలో ఖాళీలు, కనిష్ఠం, గరిష్ఠం. మార్చాక మళ్ళీ లెక్కపెట్టు. స్త్రీల ఫైలులో ఆంధ్రప్రదేశ్‌కి 10,975, తెలంగాణకి 27,518 వరుసలు రావాలి. జనాభా తక్కువున్న తెలంగాణలో ఎక్కువ మందిని అడిగారేమిటని ఆశ్చర్యపోకు, శాంపిల్ జిల్లాలవారీగా తీశారు, అప్పటికే అక్కడ జిల్లాలు ఎక్కువ. అందుకే రెండు రాష్ట్రాలనూ కలిపి లెక్కేసేటప్పుడు వెయిట్ కాలమ్ వాడి తీరాలి. అందులోని అంకెను పది లక్షలతో భాగించుకోవాలని ఏ ఫార్మాటూ నీకు గుర్తుచేయదు.

ఆ తర్వాత కొత్త ఫైలులోంచి రక్తహీనత శాతం తీసి చూడు. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌కి 58.8, తెలంగాణకి 57.6 అని సర్వే నివేదిక అచ్చువేసింది. వెయిట్ వేసి చూస్తే నీ అంకెలు వాటి పక్కనే నిలబడాలి. బాగా దూరంగా వస్తే మీ గైడుగారికి ఫైలు పంపకుండా ఆగి, ముందు 994, 995 కోడ్‌లు ఎక్కడికి పోయాయో చూడు. అప్పటికీ తేలకపోతే ఆ స్క్రిప్టు, పద్దు కాగితం ఫోటో నాకు పంపు. ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెదనాన్న