పుట్టీ క్రిందనున్న తుప్పు

చదువవలసిన భాగము: లేవీయకాండము 14:33–48

పాత వాహనమును స్వహస్తములతో బాగుచేయ పూనుకొనినవాడు మొట్టమొదట నేర్చుకొను పాఠమొకటి కలదు: పైరంగును నమ్మరాదు. రంగు నిగనిగలాడుచుండవచ్చును, వ్రేలితో నొక్కినయెడల లోపలి రేకు ఎండుటాకువలె పొడియైపోవచ్చును.

అమెరికా దేశములో పాత పికప్పు బండ్లను, అనగా ముందు చిన్న క్యాబినును వెనుక సరుకు వేయు తెరచిన తొట్టియు గల బండ్లను, ఇంటి షెడ్డులోనే విప్పి తిరిగి నిలువబెట్టు అలవాటు అనేకులకు కలదు. షెవ్రొలే కంపెనీవారు 1947 మొదలు 1955 ఆరంభము వరకు చేసిన బండ్లు వాటిలో మిక్కిలి ప్రసిద్ధములు. అర టన్ను తరగతికి చెందిన 3100 అను నమూనా పల్లెటూరి రైతులకు కుడిభుజమువలె నుండెను. ఆరు సిలిండర్ల ఇంజను, ఆరు వోల్టుల బ్యాటరీ, కాలితో త్రొక్కు స్టార్టరు, ఇనుప పట్టీల నడుమ బిగించిన చెక్క పలకల తొట్టి దానికుండెను. వారమంతయు ధాన్యమును పశువుల మేతను మోసిన బండియే ఆదివారమున కుటుంబమును ఆరాధనకు తీసికొనిపోవుచుండెను.

ఐయోవా రాష్ట్రపు మొక్కజొన్న పొలముల నడుమ నివసించిన ఒక కుటుంబమును ఉపమానముగా తీసికొనవచ్చును. తండ్రి వాడిన 1950వ సంవత్సరపు బండి ఆయన మరణానంతరము చిన్న కుమారునికి వచ్చెను. అప్పటికి అతనికి ఏబది యేండ్లు దాటినవి. తండ్రి జ్ఞాపకార్థము దానిని మరల నడిపింపవలెనని అతడు తానే విప్పనారంభించెను. ప్రతి భాగమును విప్పకమునుపు ఫోటో తీసెను. ప్రతి బోల్టును సంచిలో వేసి చీటీ కట్టెను. తుప్పుపట్టి బిగుసుకొనిన బోల్టులకు నూనె పోసి దినముల తరబడి కనిపెట్టెను. తొందరపడినచో అవి విరిగిపోవునని ఎరిగియుండెను. ఏండ్ల తరబడి కదలని ఇంజను సిలిండర్లలో నూనె పోసి, బ్యాటరీ తగిలింపక, చేతితోనే మెల్లగా త్రిప్పి చూచెను.

తుదకు క్యాబిను కుడివైపు వెనుక మూలయొద్దకు వచ్చెను. ఆ బండ్లలో తుప్పు ఎక్కువగా పట్టు తావులలో అది యొకటి. మూల లోపల ధూళి చేరి తేమను పట్టియుంచును. చలికాలమున మంచు కరుగుటకై రోడ్లపై చల్లు ఉప్పు ఆ కీడును త్వరపరచును. బందరు, కాకినాడ తీరముల యందలి వారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఎట్లు తినివేయబడునో వారెరుగుదురు.

అతడు గ్రైండరుతో రంగును తీసివేయగా లోపల రేకు కనబడలేదు, పుట్టీ కనబడెను. ఆ పుట్టీ వ్రేలెడు మందమున నుండెను. దానిని పెల్లగింపగా లోనికి నొక్కుకొనిపోయిన పాత సొట్ట బయలుపడెను. అతడు గ్రైండరు ఆపి నేలమీద కూర్చుండెను. ఆ పుట్టీ పెట్టినది తానే.

పదునారేండ్ల వయస్సున అతడు తండ్రికి చెప్పక బండి నడిపి, వెనుకకు త్రిప్పుచు దొడ్డి గుంజకు కొట్టెను. ఆ రాత్రియే పుట్టీ నింపి రంగు పూసెను. కొన్ని దినములకు రంగులోని తేడాను తండ్రి కనిపెట్టి ఇద్దరు కుమారులను అడిగెను. చిన్నవాడు మౌనముగా నుండెను. ఆ వారము బండిని పట్టణమునకు తీసికొనిపోయిన పెద్దవానిమీద నేరము మోపబడెను. తాను చేయలేదని అతడు చెప్పగా, అబద్ధికుడవని తండ్రి పలికెను. ఆ మాట వాని హృదయములో ముల్లువలె నిలిచిపోయెను. సంవత్సరము తిరుగకమునుపే అతడు దూరపు నగరమునకు వెళ్లిపోయెను. ఇంటికి రాకపోకలు తగ్గెను. తండ్రి సమాధికార్యమునకు వచ్చి, ఆ సాయంకాలమే తిరిగి వెళ్లెను.

ఇప్పుడు షెడ్డులో కూర్చున్నవానికి రెండు మార్గములుండెను. క్రొత్త పుట్టీ డబ్బా బల్లమీదనే యున్నది. ఒక గంట పనితో ఆ మూల మరల నునుపగును. ఏ మనుష్యుని కన్నును దానిని కనిపెట్టలేదు.

ప్రియ చదువరులారా, తుప్పు స్వభావము గమనింపదగినది. ఇనుము గాలియందలి ఆమ్లజనితోను తేమతోను కలిసినప్పుడు తుప్పు పుట్టును. కొన్ని లోహములపై ఏర్పడు పొర లోపలి లోహమును కాపాడును. తుప్పు అట్టిది కాదు. అది పెళుసై రాలిపోవుచు, క్రింది ఇనుమును మరల మరల గాలికి అప్పగించును. అది పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును గనుక పైరంగును బొబ్బవలె ఎత్తివేయును. తేమగల తావున దానిమీద ఎంత మందముగా పుట్టీ పెట్టినను చాటున దాని పని ఆగదు. పాపమును దాచుకొనిన హృదయము స్థితియు నిట్టిదే. సున్నము పూయబడిన సమాధుల పోలికను ప్రభువు ఇందుకే వాడెను.

ఇశ్రాయేలీయులు ఇంకను అరణ్యములో గుడారములయందు నివసించుచుండగనే, కనానులో వారు కాపురముండబోవు ఇండ్లను గూర్చి దేవుడొక కట్టడ నిచ్చెను. గోడలో పొడ కనబడినయెడల ఏమి చేయవలెను? ఇంటివాడు తానే యాజకునియొద్దకు వెళ్లి, తన యింట అట్టిదేదో యున్నదని తెలుపవలెను. యాజకుడు ఇల్లిల్లు వెదకుచు వచ్చునని అచ్చట వ్రాయబడలేదు. ఆరంభము ఇంటివాని నోటనే యున్నది. నిజమునకు బాగుచేయుట మరమ్మతుతో కాదు, ఒప్పుకోలుతో ప్రారంభమగును.

తరువాత ఆ గోడపై క్రొత్త పూత పూయుమని దేవుడు సెలవియ్యలేదు. పొడగల రాళ్లను ఊడదీసి ఊరివెలుపల పారవేయవలెను. ఇంటి లోపలి గోడలను చుట్టును గీకవలెను. వేరు రాళ్లను, వేరు అడుసును తేవలెను. రేకుపని తెలిసినవాడును ఇట్లే చేయును. తుప్పు కనబడిన మేరకే కోయడు; గట్టి ఇనుము తగులువరకు కోయును. పిమ్మట ఆ తావును ఖాళీగా విడువక, కొలతకు చేసిన క్రొత్త రేకును అతుకును. పలుచని రేకు వేడికి వంకరపోవును గనుక ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్కగా ఆగి ఆగి వెల్డింగు చేయును. గీకి శుభ్రపరచిన ఇనుమును ఎక్కువ కాలము విడువడు, వెంటనే ప్రైమరు పూయును; ఏలయనగా తేమ తగిలిన వట్టి ఇనుము ఆ దినమే ఎర్రబారవచ్చును. ఊడ్చి అమర్చి ఖాళీగా విడువబడిన ఇంటిని గూర్చి ప్రభువు చేసిన హెచ్చరిక ఇచ్చట జ్ఞాపకమునకు రావలెను. పాపమును విడుచుట సగము పని. ఆ స్థలమున క్రీస్తు నివసించుట మిగిలిన సగము.

మరియొక సంగతి కలదు. "తానే బాగుచేసెను" అని జనులు చెప్పునప్పుడు ఆ "తాను" ఎవరు? బండి కాదు, బండి యజమానుడు. ఏ బండియు తన తుప్పును తాను గీకికొనలేదు. పనికిరాదని ఇతరులు పారవేయు దానిని వెలయిచ్చి కొని, పనివారికి అప్పగింపక, తన చేతులే గాయపడునట్లు దానిమీద పనిచేయు యజమానుని ప్రేమయే దానిని నిలువబెట్టును. సువార్తయు ఇదియే. దేవుడు ఒక దూతను పంపి ఊరకుండలేదు. కుమారునియందు తానే వచ్చెను. ఆయన చేతులయందు గాయములున్నవి. విశ్వాసి చేయవలసినది దాచకుండుట, ఆ చేతులకు తన్ను అప్పగించుకొనుట.

షెడ్డులోని ఆ మనుష్యుడు పుట్టీ డబ్బాను ముట్టలేదు. ఆ రాత్రి అన్నకు ఉత్తరము వ్రాసెను. తనకు సాకులు చెప్పుకొనలేదు. జరిగినది జరిగినట్లు వ్రాసెను. తండ్రితో చెప్పు సమయము దాటిపోయెనని వ్రాయునప్పుడు అతని చేయి ఆగిపోయెను. ఆలస్యమైన ఒప్పుకోలు క్షమాపణ పొందవచ్చును గాని, పోయిన యేండ్లను తిరిగి తేజాలదు. ఆ నష్టమును అతడు మోయవలసియే యుండెను. అన్నయొద్దనుండి జవాబు రాలేదు. ఒక నెల గడచెను, రెండవ నెలయు గడచెను. అతడు ఆ మూలను గట్టి ఇనుము తగులువరకు కోసి, క్రొత్త రేకు అతుకక కనిపెట్టెను.

మొక్కజొన్న కోతలు ముగిసిన తరువాత ఒక సాయంకాలము అన్న వచ్చెను. అతడు చాలసేపు షెడ్డు వాకిట నిలువబడి, కోయబడిన ఆ మూలను చూచెను. ఎక్కువ మాటలు పలుకలేదు. తుదకు కోటు విప్పి చిలుకకు తగిలించి, క్రొత్త రేకు ఒక అంచును పట్టుకొనెను. తమ్ముడు రెండవ అంచును పట్టుకొనెను.

సహోదరుని మనస్సులో తనమీద ఏదైనను ఉన్నదని జ్ఞాపకము వచ్చినవాడు బలిపీఠముయొద్ద అర్పణమును విడిచి, ముందు సమాధానపడవలెనని ప్రభువు బోధించెను. క్రొత్త సంవత్సరము వాకిట నిలిచియున్న ప్రతి కుటుంబమునందును ఇట్టి మూల యొకటి యుండవచ్చును. పంచుకొనబడిన పొలము గట్టు విషయమందో, వివాహపు ఖర్చు విషయమందో, సంఘపు లెక్కల విషయమందో, ఒకరి మౌనమువలన మరియొకరు నిందను మోయుచుండవచ్చును. దానిపై మర్యాదయను రంగు బాగుగానే ఆరియుండవచ్చును. యాజకుడైన యేసు వాకిట నున్నాడు. ఇంటివాడు వెళ్లి చెప్పవలసియున్నది.

లోపలి దానిని చూచు దేవుడు, దాచబడిన దానిని వెలుగులోనికి తెచ్చుటకు ధైర్యమును, కోయబడినప్పుడు ఓర్చుకొనుటకు సహనమును, క్రొత్తదానిని అతుకుటకు తన కృపను చదువు ప్రతివారికి అనుగ్రహించును గాక. ఆమేన్‌.