రాని పాట

మొన్న పెత్రమాసకు నాలుగు రోజుల ముందు సంగతి. భోజనాలయ్యాక మా కోడలు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, "అత్తయ్యా, ఈ తమాషా చూడండి" అంది. చూశాను. పెద్ద వేదిక, రంగు దీపాలు, గిటార్లు, డ్రమ్ములు, చెవులు చిల్లులు పడే హోరు. పాడేవాళ్ళలో కుర్రవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ జుట్టు నెరుస్తున్న పెద్దమనుషులు. ఒకావిడ బూట్లు తొడుక్కుని, కొరడా ఝళిపిస్తూ పాడుతోంది. నాకు ఇంగ్లీషు పాటలు తెలియవు గాని, తప్పిన తాళం ఏ దేశంలోనైనా తప్పిన తాళమే కదా!

"ఎవరే వీళ్ళు, పాపం?" అన్నాను.

"పాపమేమిటత్తయ్యా! అందరూ పేరుమోసిన రచయితలు" అని వరసగా చెప్పుకొచ్చింది. దయ్యాల నవలలు రాసే స్టీఫెన్ కింగ్ అందులో ఉన్నాడట. కొరడా పట్టుకున్నావిడ ఎమీ టాన్. చైనా నుంచి అమెరికా వెళ్ళిన తల్లుల గురించీ, అక్కడ పుట్టిన కూతుళ్ళ గురించీ 'జాయ్ లక్ క్లబ్' అని నవల రాసింది. హాస్యం రాసే డేవ్ బారీ ఉన్నాడు. 1992లో కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో పుస్తకాల వ్యాపారుల మహాసభ జరిగితే అక్కడ మొదటిసారి వాయించారట. దళం పేరు 'రాక్ బాటమ్ రిమెయిండర్స్'. అమ్ముడుపోక మిగిలిపోయి చవగ్గా వదిలించుకునే పుస్తకాల్ని అక్కడ రిమెయిండర్లంటారు. ఆ మాటనే తమ పేరు చేసుకున్నారన్నమాట. 2012లో వీడ్కోలు కచేరీలు చేసేదాకా ఇరవై ఏళ్ళు పాడారు. తమకు సంగీతం అంతంతమాత్రమేనని వాళ్ళే ముందుగా చెప్పేసేవారు. వచ్చిన డబ్బు మంచి పనులకిచ్చేవారు.

నవ్వుకున్నాను. కోడలు అటు వెళ్ళింది. ఆ నవ్వు మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకో చెప్తాను.

మావారు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఉగాదికి 'భువనవిజయం' వేశారు. మీలో చాలామంది చూసే ఉంటారు. కృష్ణదేవరాయల సభ కడతారు. ఇప్పటి కవులూ, పంతుళ్ళూ తలపాగాలు చుట్టుకుని, ఒకరు పెద్దన, ఒకరు తిమ్మన, ఒకరు తెనాలి రామకృష్ణుడు అయిపోయి పద్యాలు చదువుతారు. అమెరికాలో తెలుగువాళ్ళు కూడా వేసుకుంటున్నారు. మావారు ధూర్జటి. విభూతి రేఖలు దిద్దింది నేనే. లేచి నిలబడి, చెయ్యి చాపి, పద్యం ఎత్తుకుని, రెండో పాదం దగ్గర ఆగిపోయారు! క్లాసులో వందసార్లు చెప్పిన పద్యం! పక్కనున్న తిమ్మరుసు అందించబోయి ఇంకో పద్యం అందించాడు. సభ పగలబడి నవ్వింది. ఆయనా నవ్వారు. మర్నాడు పిల్లలు "ధూర్జటి సార్" అన్నారు. ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ కథ ఆయనే చెప్పుకుని మురిసిపోతారు.

ఇక నా కథ. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు కోడలినై వచ్చిన కొత్తలో, వనపర్తిలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. ఎవరో "కొత్త కోడల్ని ఒక పాట పాడమనండి" అన్నారు. నలుగు పాట ఎత్తుకున్నాను. రెండు చరణాలైనా కాలేదు, ఒక పెద్దావిడ "గొంతు లేనోళ్ళు పాడకుంటే ఏం? పెండ్లికొడుకు లేచి పోయేటట్లున్నడు" అంది. అందరూ నవ్వారు. నాకు ఇరవై రెండేళ్ళు. ఆ తర్వాత నలభై ఏళ్ళు పేరంటాల్లో పెదవులు మాత్రం కదిపాను. నా కూతురు ఉయ్యాలలో ఉన్నప్పుడు జోలపాట కూడా నోట్లోనే గొణిగాను, గోడ అవతలివాళ్ళు వింటారేమోనని.

ఒకే ఇంట్లో ఇద్దరం పదిమందిలో తప్పాం. ఆయన తప్పు వేడుకైంది, నా తప్పు సిగ్గయింది. ఎందుకంటారు?

ఆలోచిస్తే ఒకటి తోచింది. ఆయన పద్యం మరిచినా లెక్చరరు లెక్చరరే. స్టీఫెన్ కింగ్ గిటారు తప్పినా స్టీఫెన్ కింగే. వాళ్ళకు వేరే చోట గౌరవం నిలవ ఉంది. అందులోంచి కొంచెం ఖర్చు పెట్టుకుని నవ్వులపాలు కాగలరు. కొత్త కోడలి దగ్గర ఏ నిలవ ఉంటుంది? ఆవిడ పాడే ఒక్క పాటే ఆవిడ పరువంతా.

వెనకటి సంగతి చూసినా ఇంతే. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) వకీలు. నాటకాలు రాసి, సరసవినోదినీ సభ పెట్టి, తానే వేషం కట్టాడు. బళ్ళారి రాఘవా (1880-1946) వకీలే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా చాలా చోట్ల మగవాళ్ళే వేసేవారు. అంటే ఆడదానిగా వేదికెక్కి తప్పు చేసే అవకాశం కూడా మనకు మిగల్చలేదన్నమాట! ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టినవాడు రాఘవే, ఆ పుణ్యం ఆయనకివ్వాలి.

అయితే ఇంకో పక్షమూ ఉంది. మా గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. ఇక్కడి సంస్థానంలో కవిపండితులకు ఏటా సభలు జరిగేవి. తిరుపతి వేంకట కవులు ఇక్కడికీ, వనపర్తికీ, ఆత్మకూరుకీ వచ్చారు. 1924లో రాజా సీతారామభూపాలుడు పోయాక మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఏలుబడిలోనూ పండితులకు ఆదరణ తగ్గలేదు. అలాంటి సభలో ఒక్క యతి తప్పితే ఊరుకునేవారా? ఊరుకోకపోబట్టే విద్య నిలిచింది. ఏళ్ళ తరబడి తెల్లవారుజామున లేచి సాధన చేసినవాళ్ళ ముందు, వచ్చీరాని గొంతుతో "నేనూ పాడతాను" అనడం ఆ విద్యకు అవమానం కాదూ? ఈ మాట కొట్టిపారెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

మరోవైపు ఇదే గడ్డమీద, బోరవెల్లిలో, 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారున్నారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేసి 354 మంది కవుల్ని లెక్క చూపారు. ఆ 354 మందీ మహాకవులే అయ్యుంటారా? మహాకవులు మాత్రమే రాయండని కూర్చుంటే ఆ సంచిక ఎన్ని పేజీలయ్యేదో! రాసేవాళ్ళు అంతమంది ఉంటేనే వాళ్ళలోంచి ఒక గొప్పవాడు లేస్తాడు. మిగతావాళ్ళు వృథా అనగలమా?

ఈ చిక్కు తెగక, మా పక్కింటావిడనడిగాను. మగ్గం మీద కూర్చునే మనిషి. "నీకు పాడటం వచ్చా?" అన్నాను.

ఆమె వింతగా చూసింది. "పాడనీకి వచ్చేదేందక్కా? నోరుంటే చాలదా?"

"తప్పుపోతే?"

"చీరెల పోగు తప్పితె తప్పు. నూలు చీరెకు పట్టంచు సరిగ కూడకపోతె, పైసలిచ్చి కొన్నామె ఏడుస్తది. పాటల తప్పువోతె ఎవరి సొమ్ము పోయింది?"

ఇంత పుస్తకజ్ఞానం ఉండి నాకు తట్టనిది అదే. తప్పుల్లో రెండు రకాలున్నాయి. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన పని మనం చెడగొడితే అది మోసం. డాక్టరు చెయ్యీ, పంతులమ్మ లెక్కా, నేతగాడి అంచూ సరదాకి తప్పడానికి వీల్లేదు. కానీ నాకింతే వచ్చునని చెప్పి, ఎవరి సొమ్మూ దోచకుండా, సంతోషానికి చేసే పనిలో తప్పుకు శిక్ష ఎందుకు? ఆ రచయితలు టిక్కెట్టు పెట్టారు నిజమే. కానీ సరుకు నాసిరకమని ముందే చాటింపు వేసుకున్నారు. విద్వాంసుల పీట లాక్కోలేదు. పైగా ఆల్ కూపర్ అనే అసలైన సంగీతకారుణ్ణి పెట్టుకుని ఆయన చెప్పినట్టు విన్నారు. విద్యకు అవమానం అక్కడ ఏముంది? పాడి చూసినవాడికే గదా పాట ఎంత కష్టమో తెలిసేది! కచేరీలో అందరికంటే శ్రద్ధగా వినేది, ఇంట్లో కూనిరాగం తీసే మనిషే.

ఇంకో ముక్క కోడలు సాయంత్రం చెప్పింది. ఆ దళం పెట్టాలన్న ఊహ ఆ గొప్ప రచయితలది కానే కాదట. క్యాతీ గోల్డ్‌మార్క్ అనే ఆవిడది. ఊరికి వచ్చిన రచయితల్ని కారులో ఎక్కించుకుని సభలకీ, రేడియోలకీ తిప్పడం ఆవిడ పని. తనకు పాటంటే ఇష్టం. ఒంటిగా గదిలో కూర్చుని రాసుకునే ఈ మనుషులకు కూడా పదిమందితో కలిసి గొంతెత్తాలని ఉంటుందని కనిపెట్టింది ఆవిడే. అడిగితే వచ్చారు. 2012లో ఆవిడ పోయింది. వీడ్కోలు కచేరీలు కూడా ఆ ఏడే.

అంటే గౌరవం నిలవ ఉన్నవాళ్ళకు తలుపు తీసింది అంత నిలవ లేని ఒక ఆడమనిషి. అది విన్నాక నా లెక్క నాకే తప్పనిపించింది. పరువు కూడబెట్టుకున్నాక పాడదామని కూర్చుంటే నాకు అరవై దాటాయి.

పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు పేర్చుకుని అందరం బయల్దేరాం. ఎప్పటిలా చప్పట్లు కొడుతూ పెదవులు కదుపుతున్నాను. పాట ఎత్తుకునే ముసలమ్మకు దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. ఒక్క క్షణం ఎవరూ అందుకోలేదు. పక్కింటావిడ మోచేత్తో నన్ను పొడిచింది.

ఎత్తుకున్నాను. మూడో పాదం దగ్గర గొంతు చీరుకుపోయింది, నాకే వినిపించింది. ఆగబోయాను. ఇంతలో ముప్పై గొంతులు "ఉయ్యాలో" అంటూ అందుకుని, నా పాదాన్నీ, దాంతోపాటు నా తప్పునీ కలిపి ఎత్తుకుపోయాయి. వెనక్కి తిరిగి చూసినవాళ్ళు లేరు. తరవాతి పాదం కోసం ఎదురుచూస్తున్నారంతే. పాడాను.

ఇంటికొచ్చేసరికి మావారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. "ఎవరే ఇవాళ పాట ఎత్తుకున్నది? శ్రుతి అటూ ఇటూ పోతోంది" అన్నారు.

"నేనే" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు. "రేపు కూడా పాడతావా?" అన్నారు నెమ్మదిగా.

"సద్దుల దాకా రోజూ పాడతాను" అని పళ్ళెం లోపల పెట్టడానికి వెళ్ళాను.