సముద్రసర్పమునకు ఎముకలు కలవా?

శిష్యుడు: ఆచార్యా, 1848వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన గుడ్‌హోప్ అగ్రమునకును సెయింట్ హెలీనా ద్వీపమునకును నడుమ ప్రయాణించుచున్న డేడలస్ అను ఆంగ్లేయ యుద్ధనౌకనుండి కెప్టెన్ మెక్వేయు అతని తోడి అధికారులును ఒక మహాసర్పమును కంటిమని వ్రాసియిచ్చిరి. తల నీటికి 4 అడుగుల యెత్తున నిలిచినదనియు, దేహము 60 అడుగులకు తక్కువ గాక నీటిపై కానవచ్చినదనియు, మెడకడ లావు 15, 16 అంగుళములనియు, వీపుపై గుఱ్ఱపు జూలు వంటిదో నాచు వంటిదో యేదియో అలలకు కదలాడినదనియు ఎంతో నిదానముగా చెప్పిరి. ఇట్టి సాక్ష్యమును త్రోసివేయుట న్యాయమా?

ఆచార్యుడు: నాయనా, సాక్షిని అసత్యవాది యనుట న్యాయము కాదు. రిచర్డ్ ఓవెన్ అను శరీరశాస్త్రవేత్త ఆ వర్ణననే ఆధారముగా గొని, అది పెద్ద సీలు జంతువై యుండునని టైమ్స్ పత్రికకు వ్రాసెను. కాదని కెప్టెన్ మాఱు వ్రాసెను. కాని ఓవెన్ ప్రశ్న నిలిచియే యున్నది: అంత పెద్ద ప్రాణులు తరతరములుగా సముద్రమున పుట్టి గిట్టుచుండగా, ఒక్క కళేబరమైనను, ఒక్క వెన్నుపూసయైనను ఒడ్డునకు ఏల రాలేదు? ఎఱ్ఱని జూలుతో 25 అడుగులు దాటి పెరుగు ఓర్‌ఫిష్ అను చేప దేహము చేతికి చిక్కినందున, 1772లోనే శాస్త్రజ్ఞులు దానికి పేరుపెట్టి అంగీకరించిరి.

శిష్యుడు: అయిన నిది రజ్జుసర్పభ్రాంతియే యందురా? త్రాటిని పామనుకొన్నవాడు దీపము తెచ్చుకొని మఱల చూడగలడు. 20 నిమిషములలో దాటిపోయిన దానికి దీపమేది?

ఆచార్యుడు: లేదు, అందుచేతనే ఆ న్యాయ మిచట సగమే పనికివచ్చును. దీపము లేనిచోట, కన్ను చూచిన దెంత, మనస్సు కలిపిన దెంత యని వేఱు పఱచుటయే మనకు మిగిలిన మార్గము. జూలో నాచో యని చెప్పునపుడు ఆ కెప్టెన్ తనకు తెలియనిదానిని తెలియనట్లే విడిచెను. ఆ సంశయమే అతని సాక్ష్యమునకు వన్నె.

శిష్యుడు: మఱి భూమినంతయు చుట్టి తన తోకను తానే కఱచుకొన్న యోర్ముంగాండ్ర్ మాట యేమి? ఉత్తరదేశీయుల ఆ పామునకును ఎముక లడుగవలసినదేనా?

ఆచార్యుడు: అడుగరాదు. 13వ శతాబ్దిలో స్నోరి స్తుర్లుసన్ కూర్చిన ఎడ్డాలో, థోర్ అను దేవుడు ఎద్దు తలను ఎరగా గ్రుచ్చి ఆ పామునకు గాలము వేసెను. అతడు కాళ్లూని లాగగా పాదములు పడవ యడుగును చీల్చుకొని సముద్రపు నేలను తాకెను. సమ్మెట యెత్తిన క్షణమున, తోడనున్న రాక్షసుడు హైమిర్ బెదరి గాలపు త్రాటిని కత్తితో తెగగోసెను. స్వీడనులోని ఆల్తునా శిలపై, పడవ యడుగును దాటి దిగిన ఆ పాదము నేటికిని చూడవచ్చును. కడపట ప్రళయమున థోర్ పామును చంపును గాని, దాని విషమునకు తొమ్మిదడుగులు నడిచి కూలును. లోకమును చుట్టియున్న దానిని పెల్లగింపబూనిన బలము తానును మిగులదని ఆ కథ చెప్పుచున్నది. ఆ మాటకు ఎముకలతో పనిలేదు.

శిష్యుడు: అట్లైన పురాణ మెన్నడును తప్పు కాజాలదు! పరీక్షకు లొంగనిది సత్య మెట్లగును?

ఆచార్యుడు: పరీక్ష కలదు, అది వేఱొక తీరుది. మన క్షీరసాగరమథనమున దేవాసురులు వాసుకిని చంపదలపలేదు. కవ్వపు త్రాడుగా పనికి పిలిచిరి. అయినను, తలవైపు పట్టుటయే గౌరవమని పంతగించిన అసురులు దాని యూర్పుల వేడికి కమలిపోయిరి. అమృతమునకు ముందు హాలాహలము పుట్టెను. సముద్రమును జయింపగోరినను, దానిచే పని చేయించుకొనగోరినను వెల చెల్లింపక తప్పదని ఈ రెండు కథలును తెలుపుచున్నవి. కడలిపై బ్రతుకువారు తమ జీవితములో ఆ మాట నిజమని కనుగొన్నంత కాలము అవి నిలుచును. కనుగొననినాడు ఎవరును ఖండింపకయే మఱపున పడును.

శిష్యుడు: అనగా, థోర్ పామునకు ఎముక లడుగుటయు, డేడలస్ పామునకు ఎముకలు వలదనుటయు రెండును ఒక్క తప్పే యన్నమాట.

ఆచార్యుడు: అవును. ఇక నెవరేని నావికుడు వచ్చి చూచితి నన్నచో నవ్వకుము; ఎంత దూరమునుండి, ఎంతసేపు, ఏ వెలుగున చూచితివని యడుగుము, ఒడ్డున నేమైన దొరకెనేమో వెదకుము. ఎడ్డాను గాని భాగవతమును గాని చేతబట్టినపుడు మాత్రము ఆ ప్రశ్నలను ప్రక్కనబెట్టి, ఆ పాము మనుష్యుని బలమును గూర్చి యేమి చెప్పుచున్నదో వినుము.