ఎఫ్ఫతా: చెవులు తెరచు పరిచర్య

వాక్యభాగము: మార్కు 7:31–37



దెకపొలి ప్రాంతములో కొందరు ఒక చెవిటివానిని ప్రభువునొద్దకు తోడుకొని వచ్చిరి. ఆయన చేసినది గమనించుడి. మొదట అతనిని జనుల సందడినుండి ప్రక్కకు తీసికొనిపోయెను. పిమ్మట మాట వినలేని ఆ మనుష్యునితో స్పర్శ ద్వారా మాటలాడెను. అతని చెవులను, నాలుకను ముట్టెను. పరలోకమువైపు చూచి నిట్టూర్చెను. ఆ తరువాతనే "ఎఫ్ఫతా" అనెను.

మన బిడ్డలు ఏమి చదువవలెనని అడిగినయెడల డాక్టరు, ఇంజనీరు, నర్సు అందుము. పసిపిల్లల వినికిడిని పరీక్షించు ఆడియాలజిస్టు మనకు జ్ఞాపకము రాడు. 1965లో మైసూరులో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల ఈ విద్యను నేర్పుచున్నారు. నాలుగేండ్ల డిగ్రీ, ఆపైన రెండేండ్ల ఎమ్మెస్సీ.

ఆ విద్యార్థి చేయు పనిలో ప్రభువు అడుగుజాడలు కనబడును. శబ్దము చొరని గదిలోనికి బిడ్డను తీసికొనిపోవును. నిద్రించు శిశువు చెవిలో చిన్న గొట్టము ఉంచి, లోపలి చెవినుండి తిరిగి వచ్చు సన్నని ధ్వనిని యంత్రముతో పట్టును. మూడేండ్ల బిడ్డకైతే, శబ్దము వినబడినప్పుడెల్ల ఒక బిళ్లను డబ్బాలో వేయుమని ఆటగా నేర్పును. బిడ్డ విసుగుకొనినను తాను విసుగుకొనరాదు. ఈ ఓర్పు పుస్తకములో దొరకదు.

అయితే అన్నిటికంటె కష్టమైన ఘడియ పరీక్ష ముగిసిన తరువాత వచ్చును. "మేమేమి పాపము చేసితిమి?" అని తల్లి ఏడ్చును. పుట్టు గ్రుడ్డివాని గూర్చి శిష్యులు వేసిన ప్రశ్నయు ఇదియే (యోహాను 9). పాపము వానిదియు కాదు, తలిదండ్రులదియు కాదని ప్రభువు తేల్చి చెప్పెను. సంఘములో ఆ తల్లి వెనుక గుసగుసలాడువారు ఎవరి పక్షమున మాటలాడుచున్నారో ఆలోచించుకొనుడి.

శాపము కాదు గనుక కారణములు వెదకుటకు భయపడనక్కరలేదు. గర్భవతికి సోకిన రుబెల్లా, మెదడువాపు జ్వరము, పుట్టిన బిడ్డకు ముదిరిన కామెర్లు వినికిడిని చెరుపవచ్చును. మేనరికములవలన కొన్ని పుట్టు చెవుడులు ఎక్కువగును. మనవారు పరదేశములో సంబంధములు దొరకక మేనమామ ఇంటికే పోవు వాడుక కలదు. ఇది నిందించుటకు కాదు. పెండ్లి మాటలకు ముందే యోచించుటకు చెప్పుచున్నాను.

ఒక నెలలోగా పరీక్ష, మూడు నెలలలోగా నిర్ధారణ, ఆరు నెలలలోగా సహాయము ఆరంభమగుట మేలని ఈ శాస్త్రము నేర్పును. భాష నేర్చు దినములు తిరిగి రావు. "ప్రార్థించుచున్నాము, పెద్దయితే మాటలు అవియే వచ్చును" అని కాలము గడుపుట విశ్వాసము కాదు. ప్రార్థించుడి, బిడ్డను తీసికొనియు వెళ్లుడి. దెకపొలివారు తమవానిని తీసికొని రాకయున్నయెడల ఏమగును?

వినుటవలన విశ్వాసము కలుగునని రోమా పత్రిక బోధించుచుండగా, యంత్రము పెట్టినను వినలేని బిడ్డ సంగతి ఏమి? మూగవాడైయున్న జెకర్యాతో బంధువులు సైగలతో మాటలాడిరి. అతడు పలకమీద వ్రాసి జవాబిచ్చెను (లూకా 1). దేవుని మాటకు చేతులును ద్వారములే. మన సండే స్కూలులో సైగలు నేర్చిన ఉపాధ్యాయుడు ఒక్కడైనను ఉన్నాడా?

మనము కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా ప్రజల మధ్య తరతరములుగా కాపురమున్నాము. దెకపొలియు యూదులకు పరాయి సీమయే. అక్కడి బిడ్డ చెవికి అక్కడి భాషలో సేవ చేయు మన యౌవనస్థురాలు కూడ పరిచారకురాలే. ఆమె జీతమును గూర్చియు పెండ్లిని గూర్చియు మాత్రమే అడుగక, ఆమె కొరకు ప్రార్థించుడి.

నిట్టూర్చిన ప్రభువు మన చెవులను కూడ తెరచునుగాక. ఆమేన్.