కంటికి సాక్ష్యం చెప్పేదెవరు?

హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ నుంచి జాంబాగ్ వైపు, నాంపల్లి వైపు ఫర్నిచర్ దుకాణాలు కనబడతాయి. అక్కడ కొన్న మంచాన్ని ఇంట్లో బిగించేటప్పుడు కోడులో కొత్తగా బోల్టు బెజ్జం వేయాల్సివస్తే, స్టాండు డ్రిల్లింగ్ మిషన్‌ను మూడో అంతస్తుకు మోసుకెళ్లేవాళ్లుండరు. చేతి డ్రిల్లే దిక్కు. చిక్కంతా చూపు దగ్గర మొదలవుతుంది. బిట్టు కుడికో ఎడమకో వాలితే వడ్రంగికి వెంటనే తెలుస్తుంది. తన వైపుకో, తనకు అవతలికో వాలితే తెలియదు, ఎందుకంటే అతను చూస్తున్నది ఆ దిక్కునే. రెండు డిగ్రీల వాలు కంటికి ఆనదు. 75 మిల్లీమీటర్ల మందం దాటేసరికి అదే రెండున్నర మిల్లీమీటర్లకు పైగా తేడా అవుతుంది, బోల్టు అవతలి బెజ్జాన్ని అందుకోదు. విచిత్రమేమంటే, తొలిచినంతసేపూ అతనికి నిటారుగానే ఉందని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఎంత విలువివ్వాలి?

ఈ వివాదం మన దర్శనాల్లో చాలా పాతది. జ్ఞానం సరైనదన్న సంగతి ఆ జ్ఞానంతో పాటే తెలుస్తుందని, దానికి వేరే పూచీ అక్కర్లేదని మీమాంసకులు అన్నారు. ఇది స్వతఃప్రామాణ్యం. కాదు, పూచీ బయటినుంచి రావాలని నైయాయికుల వాదం. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో రెండో పక్షాన నిలిచాడు. ఆయన తర్కం సూటిగా ఉంటుంది: ప్రామాణ్యం దానంతటదే తెలిసిపోయేదైతే, అలవాటు లేని విషయంలో మనకు కలిగిన జ్ఞానం మీద మనకే సందేహం ఎందుకు వస్తుంది? దూరాన నీళ్లు కనబడ్డాయి. వెళ్లి తాగితే దాహం తీరింది. అప్పుడు కదా చూసినది నిజమని తేలడం. వడ్రంగి పని నైయాయికులకే సాక్ష్యం ఇస్తుందని నా అభిప్రాయం. అతను బిట్టు పక్కన ఒక మూలమట్టాన్ని నిలబెడతాడు, దానికి అడ్డంగా మరొకటి. లేదంటే పాత సీడీని చెక్క మీద పరిచి, నడిమి రంధ్రంలోంచి బిట్టు దింపుతాడు. బిట్టూ దాని ప్రతిబింబమూ ఒకే గీతగా కనబడాలి. ఈ ఉపాయమూ ఒక్క చోటు నుంచి చూస్తే మోసమే చేస్తుంది. బిట్టు సూటిగా మన వైపే వాలినప్పుడు ప్రతిబింబం కూడా అదే వరసలో కనబడుతుంది. పక్కకు జరిగి రెండోసారి చూస్తేగాని గుట్టు బయటపడదు.

మీమాంసకుడు ఊరుకోడు. కంటికి మూలమట్టం సాక్షి అయితే మూలమట్టానికి సాక్షి ఎవరు? నిటారు బెజ్జమున్న దిమ్మను ఆధారంగా పెట్టుకుని తొలిస్తే, ఆ దిమ్మలో మొదటి బెజ్జం వేసిందెవరు? ఇలా పోతే అనవస్థ, అంటే ఎక్కడా ఆగని వరస; ఏ పనీ మొదలుకాదు. బలమైన ఆక్షేపణే. కానీ వడ్రంగులు దీనికి జవాబు ఎప్పుడో కనిపెట్టారు. మూలమట్టాన్ని పలక అంచుకు ఆనించి గీత గీస్తారు. తిరగేసి, అదే బిందువు నుంచి మళ్లీ గీస్తారు. రెండు గీతలూ ఒకటైతే పనిముట్టు మంచిది. విడిపోతే, ఆ ఎడం అసలు తప్పుకు సరిగ్గా రెట్టింపు, నిజమైన లంబం ఆ రెంటి నడుమ ఉంటుంది. అంతకన్నా పెద్ద మూలమట్టం ఏదీ కావలసిరాలేదు. పలక అంచు వంకరేమో అంటే, దాన్నీ తిప్పి గీసే పరీక్షిస్తారు. బయటి సాక్షి కావాలన్నంత మాత్రాన సాక్షుల వరుసకు అంతుండదనుకోవడం పొరపాటు. తలకిందులు చేసినా మాట మార్చని సాక్షి దొరికితే చాలు.

తలపండిన మేస్త్రీ మూలమట్టం లేకుండానే నిటారుగా తొలుస్తాడు కదా అంటారు. నిజమే. అయితే ఆ చేతికి ఆ నేర్పు అవతల తేలిన వందల బెజ్జాలు చూసుకుని దిద్దుకున్నందువల్ల వచ్చింది. అతను కూడా మందపాటి చెక్కనైతే రెండు వైపుల నుంచీ తొలుస్తాడు.

ఇంతకంటే కష్టమైన ఆక్షేపణ ధర్మం విషయంలో వస్తుంది. మనస్సాక్షి ఉండగా బయటివాళ్ల తీర్పు దేనికి, అది శాస్త్రానికో గురువుకో బానిసత్వం కాదా? మనుస్మృతి ధర్మానికి మూలాలు చెబుతూ వేదం, స్మృతి, సదాచారం తర్వాత చిట్టచివర ఆత్మతుష్టిని, అంటే మన మనసు ఒప్పుకోలును, పెట్టింది. ఆ స్మృతిలో ఒప్పుకోలేనివి నాకు చాలా ఉన్నాయి, ఈ వరస మాత్రం ఆలోచించదగినది. అలాగే నమాజు చేసే ముస్లిం రోజుకు 17 ఫర్జ్ రకాతుల్లో, అంటే విధిగా చేయాల్సిన నమాజు ఆవృత్తుల్లో, ప్రతిదానిలోనూ తిన్నని దారి చూపమని ఖురాన్ తొలి అధ్యాయమైన ఫాతిహాలో వేడుకుంటాడు. దారిలో ఉన్నవాడే దారి అడుగుతున్నాడు. మనస్సాక్షి అబద్ధమాడుతుందని కాదు. అది కూడా తన వైపుకు వాలే వాలును చూడలేదు. ఇతరులకు మనం చేసే అన్యాయం కొంతైనా తెలుస్తుంది, మన లాభం వైపు ఒరిగిన తీర్పు నిటారుగానే తోస్తుంది. ఇక బానిసత్వం మాట. గురువునైనా గ్రంథాన్నైనా తిరగేసి చూసే హక్కు మనకు లేకపోతే అది బానిసత్వమే. నాకు అనుకూలంగా చెప్పిన నియమం, నేను అవతలి పక్షాన నిలబడ్డప్పుడూ అదే గీత గీస్తుందా అని అడగవచ్చు. అడగనివ్వని నియమాన్ని పరీక్షించని మూలమట్టం కింద జమకట్టాల్సిందే, దాని మీద ఎవరి పేరున్నా సరే.