ఆగడం కూడా సాధనే

ఏటా ఏప్రిల్ 15 వచ్చేసరికి నెల్లూరు తీరంలో మరపడవలు ఒడ్డు చేరతాయి. జువ్వలదిన్నెలో, మైపాడులో, కృష్ణపట్నంలో ఎటు చూసినా వలలు బాగుచేసుకునే చేతులే. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతతిని పెంచుకునే కాలమది. ప్రభుత్వ ఉత్తర్వే కావచ్చు. అయినా ఇంట్లో పిల్లలుండి, ఎదురుగా సముద్రముండి, చేతిలో విద్య ఉండి రెండు నెలలు ఆగడాన్ని నేను తపస్సనే అంటాను.

ఓర్పు అంటే పళ్లు బిగించి ముందుకు పోవడమే అనుకుంటాం. దూరాలు పరుగెత్తేవారిని అడగండి, వేరే మాట చెబుతారు. మారథాన్ 42.195 కిలోమీటర్లు. కాళ్లలో సత్తువ పొంగే తొలి గంటలో వేగాన్ని బిగబట్టనివాడు చాలాసార్లు 30వ కిలోమీటరు దాటాక చతికిలబడతాడు. కండరం గట్టిపడేది కూడా పరుగులో కాదు, ఆ తరువాతి విశ్రాంతిలో. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిందీ ఇదే: అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రించేవాడికీ, నిద్రే పోనివాడికీ యోగం కుదరదని. సాధకుడు మొదట నేర్వవలసింది తన కొలత.

సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నడివయసులో ఈత సాధన చేసి, 2021లో పాక్ జలసంధి దాటారు. 52 ఏళ్ల వయసులో, 2024 డిసెంబరు 28న విశాఖలో సముద్రంలోకి దిగి, జనవరి తొలివారంలో కాకినాడ చేరారు. సుమారు 150 కిలోమీటర్లు. రోజుకు దాదాపు 30 కిలోమీటర్ల చొప్పున పంచుకుని ఈదారు. ఆ పంపకంలోనే ఆమె సాధన అంతా నాకు కనిపిస్తుంది. ఒక్క ఊపులో గెలవాలనుకుంటే సముద్రం ఒప్పుకోదు.

మన తీరం ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్య ధర చూసి, వరి పండే నేలలు సైతం గుంటలయ్యాయి. సీడ్ (రొయ్య పిల్లలు) దట్టంగా వేశారు. ఒకరు వ్యర్థజలం వదిలిన కాలువలోంచే మరొకరు నీళ్లు తోడుకున్నారు. 1994లో తెల్లమచ్చల వైరస్ వచ్చి పంటను తుడిచిపెట్టింది. అప్పులపాలైన కుటుంబాల బాధ ఈ జిల్లా మరచిపోలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పునిస్తూ, పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపల అలాంటి సాగు కూడదంది. ఆనాటి రొయ్యల సాగు, తొలి గంటలోనే బలమంతా ఖర్చు చేసుకున్న పరుగు. తప్పు రైతు ఒక్కడిదే అనడం అన్యాయం. సీడ్, మేత అమ్మినవారూ, సరుకు ఎగుమతి చేసినవారూ అందరూ అదే వేగాన్ని కోరారు.

ఇదే జిల్లాలో, పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఆయన వ్రతాలలో అపరిగ్రహం ఒకటి: అవసరానికి మించి కూడబెట్టకపోవడం. ధనికుడు తన సంపదకు యజమాని కాడు, ధర్మకర్త అన్నది ఆయన నమ్మిక. నేటి పెద్ద కంపెనీలు సెబీ నిబంధన మేరకు ఏటా సుస్థిరత నివేదికలు ఇస్తున్నాయి. నీరెంత వాడారో, పొగ ఎంత వదిలారో అందులో రాస్తారు. మంచిదే. నేను వెతికే పేజీ మాత్రం వేరు: లాభం వస్తుందని తెలిసీ ఏది చేయకుండా ఆగారు? మన సంగతీ అంతే. రోజూ ఎన్ని అడుగులు నడిచామో ఫోన్ చెబుతుంది. ఏ కోపాన్ని మింగామో, ఏ కొనుగోలు మానుకున్నామో మనమే రాసుకోవాలి.

అనుభవమున్న రొయ్యల రైతు పంట తీశాక గుంటను అడుగు పగుళ్లిచ్చేదాకా ఎండనిస్తాడు. దున్ని, సున్నం చల్లి, ఆపైనే నీరు పెడతాడు. ఆ ఖాళీ రోజులు అతనికి ఆదాయం లేనివి. వేట నిషేధంలో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం 2025లో 20,000 రూపాయలు ఇచ్చింది. రెండు నెలలకు అది చాలదు. సముద్రం కోలుకుంటే లాభం అందరిదీ, ఆగే భారం మాత్రం పేదవాడిదా? 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థల లాభంలో రెండు శాతం సమాజానికి వెచ్చించమంది. కృష్ణపట్నం చుట్టూ ఉన్న ఓడరేవు, విద్యుత్ సంస్థలూ, రొయ్యల ఎగుమతిదారులూ ఆ డబ్బులో కొంతైనా ఈ 61 రోజులకు, గుంట ఎండే ఆ వారాలకు కేటాయించాలి. వచ్చే ఏప్రిల్‌లోపు మొదలుపెడితే, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషి వడ్డీకి అప్పు తేవలసిన పని తప్పుతుంది.